ఈ ఫైల్ ఎవరిది?

ఈ వారం ఒక సర్వర్ చూడమంటే వెళ్లాను. ఎవరిదో ఇన్‌స్టాలర్ ఒకటి మాటమాత్రం చెప్పకుండా తన బైనరీని /యూఎస్ఆర్/బిన్‌లో అదే పేరుతో ఉన్న పాతదాని మీద రాసేసింది. డీపీకేజీని అడిగితే ఆ ఫైల్ డెబియన్ ప్యాకేజీదేనంటుంది. తేదీ చూస్తే నిన్నటిది. ఆ ప్యాకేజీకి అప్‌గ్రేడ్ రాగానే కొత్త బైనరీ కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. ఒళ్లు మండిపోయింది.

నా పాట మీకు తెలిసిందే: డిస్ట్రిబ్యూషన్ పెట్టేది /యూఎస్ఆర్‌లో, మనం పెట్టుకునేది /యూఎస్ఆర్/లోకల్‌లో. సిస్టమ్ అప్‌డేట్లు లోకల్ జోలికి రాకూడదని ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ కూడా చెబుతుంది.

అలాగని పాత విభజనలన్నీ ఆలోచించి చేసినవేమీ కావు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో పీడీపీ-11 మీద యూనిక్స్ పెరిగిపెరిగి మొదటి డిస్క్ నిండిపోయింది. యూజర్ల డైరెక్టరీలున్న రెండో డిస్క్ /యూఎస్ఆర్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మిగతా ప్రోగ్రాములను అందులో సర్దారు. చోటు చాలక అలా /బిన్, /యూఎస్ఆర్/బిన్ రెండయ్యాయి. తర్వాత యూజర్లు వేరేచోటికి మారారు, ప్రోగ్రాములు మాత్రం అక్కడే ఉండిపోయాయి. బూట్‌కు కావలసినవి /బిన్‌లో, తక్కినవి /యూఎస్ఆర్/బిన్‌లో అనే కారణం ఆ తర్వాత వచ్చి చేరింది. 2012లో ఫెడోరా 17 రెండింటినీ కలిపేసింది. 2023లో డెబియన్ 12 ఆ కలయికను తప్పనిసరి చేసింది. ఈ రెండు డిస్ట్రిబ్యూషన్లలో /బిన్ ఇప్పుడొక సిమ్‌లింక్.

డిస్క్ కోసం గీసిన గీత డిస్కులు పెద్దవయ్యాక చెరిగిపోయింది. లోకల్ గీత ఫైల్ ఎవరిదో చెబుతుంది కనుక నిలిచింది.

ఈ లెక్కను చివరిదాకా లాగితే లోకల్ చెప్పేదీ సగమే. ఫైల్ డిస్ట్రిబ్యూషన్‌ది కాదని తెలుస్తుంది, మరి మనం పెట్టిన వాటిలో దేనిదో? ఒక్క ప్రోగ్రాంకే బైనరీ బిన్‌లో, లైబ్రరీలు లిబ్‌లో, మ్యాన్ పేజీ షేర్‌లో. తీసేయాలంటే ఆనాటి సోర్స్ దొరకాలి, అందులో మేక్ అన్‌ఇన్‌స్టాల్ ఉండాలి. అదే /ఆప్ట్ కింద ప్రోగ్రాం పేరు, వెర్షన్‌తో ఒక డైరెక్టరీ పెడితే అన్నీ ఒకచోటే ఉంటాయి. ఆ డైరెక్టరీ తీసేస్తే చాలు.

కాబట్టి ఇన్నాళ్లూ లోకల్ తరఫున వాదించిన నేను, ఇకనుంచి కంపైల్ చేసే ప్రతిదానికీ ప్రిఫిక్స్‌గా /ఆప్ట్ కింద దాని సొంత డైరెక్టరీనే ఇస్తాను. లోకల్‌లో లింకులు మాత్రమే ఉంటాయి. వాటిని పెట్టడానికీ తీయడానికీ గ్నూ స్టో ఉండనే ఉంది.