బోల్తా పడినా మునగని తెప్ప

చెరుకుపల్లి నుంచి దక్షిణంగా పోతే నిజాంపట్నం రేవు. 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ వచ్చి ఆగింది ఇక్కడే. ఆ ఓడ కన్నా నాకు ఈ తీరపు తెప్ప మీదే గౌరవం ఎక్కువ.

చెక్కిన తేలిక దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే తెప్ప. దానికి కడుపు లేదు, నీళ్లు నిండే వీలూ లేదు. మీద పడిన అల సందుల్లోంచి జారిపోతుంది. బోల్తా పడుతుంది, మునగదు. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్లు, తడి పీల్చిన కొయ్య సరిగా తేలదు గనక. ఫైబర్ తెప్పల్లో తేలించే పని థర్మోకోల్ చేస్తోంది. పైన కూర్చుని తెడ్డు వేసే కయాక్ కూడా దాదాపు ఇదే కోవది. లోపల కూర్చునే కయాక్ అలా కాదు. మూతలు బిగించకపోతే నిండిపోతుంది.

తెరచాప ఎత్తితే లెక్క మారుతుంది. గాలి తోసేది పైన, బరువు ఉండేది కింద. వెడల్పు లేని పడవకు ఆ తోపును ఆపే బలం మనిషి శరీరమే. గాలి వచ్చే వైపుకు ఒరిగి కూర్చోవాలి. తెరచాప తాడును కొయ్యకు కట్టేయకుండా చేతిలోనే ఉంచుకోవాలి. గాలి విసురు వచ్చిన క్షణాన వదిలేస్తే చాప రెపరెపలాడి బరువు దిగిపోతుంది. ముడి వేసిన తాడును విప్పేంత వ్యవధి ఉండదు.

అసలు గండం నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. పాటు వేళ కృష్ణ పాయ నీరు బయటికి తోస్తుంటే, ఎదురుగా వచ్చే అల నిటారుగా లేచి విరుగుతుంది. అక్కడ పడవ అడ్డం తిరిగిందంటే తిరగబడినట్టే. ముక్కు అలకే ఎదురుగా ఉండాలి. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి పెరుగుతుంది కాబట్టి, కొత్తవాళ్లు ఉదయమే వెళ్లి వచ్చేయడం మేలు. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు ఎంత అనుభవం ఉన్నా ఒడ్డునే ఉండాలి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకోవడం ఖర్చు లేని పని.

చెమట పడుతుందని లైఫ్ జాకెట్ కాళ్ల కింద పెట్టుకునేవాళ్లున్నారు. అది బోల్తా పడ్డాక తొడుక్కునే చొక్కా కాదు. తెడ్డు, నీళ్ల సీసా, సంచీలో పెట్టిన ఫోను తాళ్లతో పడవకు కట్టి ఉండాలి, ఈల మాత్రం జాకెట్‌కే. తిరగబడితే ఈదుకుంటూ ఒడ్డుకు పోవద్దు. వెతికేవాళ్లకు తల కన్నా పడవ తొందరగా కనబడుతుంది. ముందు తెరచాప తాడు వదలాలి, ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి, ఆ తర్వాతే పడవను నిలబెట్టాలి. లేకపోతే తడిసిన చాప మళ్లీ గాలి పట్టి రెండో వైపు పడేస్తుంది.

ఇదంతా మొదటిసారి సముద్రంలో చేయకూడదు. అలలు లేని చోట, నడుంలోతు నీళ్లలో, పక్కన మరొకరు నిలబడి ఉండగా కావాలని పడవను తిరగేసి ఎక్కాలి. జాకెట్ తొడిగి, తడి బట్టలతోనే.