విరిస్తే మారేది మోతాదు ఒక్కటే కాదు

నెమ్మదిగా మందు విడుదల చేసే మాత్రలో 12 లేదా 24 గంటలకు సరిపడా మందు ఉంటుంది. అది కడుపులో, పేగుల్లో కొద్దికొద్దిగా బయటికి వచ్చేలా మాత్రను తయారుచేస్తారు. స్ట్రిప్ మీద మందు పేరు పక్కన ఉండే ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ వంటి అక్షరాలు దీనికి గుర్తు. గొంతు దిగడం లేదనో, సగం చాలనో ఇలాంటి మాత్రను విరిస్తే మందు రక్తంలో చేరే వేగం మారవచ్చు. ఆ మార్పు ఎంతన్నది మాత్ర నిర్మాణాన్ని బట్టి ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ వంటి మాత్రల్లో చాలావాటిలో మందును హైప్రోమెలోజ్ లాంటి పాలిమర్‌తో కలిపి గట్టిగా అదుముతారు. తడి తగలగానే పైభాగం ఉబ్బి జిగురవుతుంది. మందు ఆ జిగురు గుండా మెల్లగా బయటపడుతుంది. తడి తగిలే ఉపరితలం పెరిగితే ఈ వేగమూ పెరుగుతుంది. 10 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న గుండ్రటి మాత్ర ఉపరితలం సుమారు 314 చదరపు మి.మీ. సగానికి విరిస్తే రెండు కొత్త ముఖాలతో మరో 100 చేరుతుంది. మందు అంతే, ఉపరితలం మాత్రం దాదాపు మూడో వంతు ఎక్కువ. పొడి చేస్తే ఆ జిగురు అడ్డు దాదాపు ఉండనే ఉండదు.

నిఫెడిపిన్‌ను ఆస్మాటిక్ పంపు మాత్రగానూ తయారుచేస్తారు. నీటిని లోపలికి రానిచ్చే గట్టి పొరకు లేజర్‌తో సన్నటి రంధ్రం చేస్తారు. లోపల ఉబ్బే పదార్థం మందును ఆ రంధ్రం నుంచి బయటికి నెడుతుంది. మందు అయిపోయాక ఖాళీ డొల్ల మలంలో కనిపించవచ్చు. పొర పగిలితే పంపు పనిచేయదు, గంటల తరబడి రావాల్సిన మందు ఒక్కసారిగా వచ్చేస్తుంది. దీన్నే డోస్ డంపింగ్ అంటారు. బీపీ హఠాత్తుగా పడిపోయి కళ్లు తిరగవచ్చు, గుండెదడ రావచ్చు. తర్వాతి గంటల్లో మందు చాలక బీపీ మళ్లీ పెరగవచ్చు. మార్ఫిన్ వంటి మందులైతే ఊపిరికే ముప్పు.

మెటోప్రొలాల్ సక్సినేట్ మాత్రల్లో కొన్ని ఇందుకు మినహాయింపు. వాటిలో వందల కొద్దీ చిన్న గుళికలుంటాయి, ప్రతి గుళికకూ సొంత పొర ఉంటుంది. మాత్ర మీద ఉండే గీత వెంబడి విరిచినా ఆ పొరలు చెక్కుచెదరవు. కానీ నమిలినా, నూరినా పగిలిపోతాయి.

గీత ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. విరవవచ్చని ఆ కంపెనీ మందు వివరాల కాగితంలో ఉందో లేదో ఫార్మసిస్టును అడగాలి. పెద్దవాళ్లకు మాత్ర మింగుడుపడకపోతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. తక్కువ మోతాదు మాత్ర, సిరప్, లేదా రోజుకు రెండు మూడుసార్లు వేసుకునే మామూలు మాత్ర రాయించుకోవచ్చు. విరిచిన మాత్ర మింగాక కళ్లు తిరిగినా, మత్తుగా ఉన్నా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.