ప్రధాన సంఖ్యల ఘాతాలు - డయోఫాంటైన్ అసమీకరణాలు : తెలుగు పరిభాషా విమర్శ

కుప్పం తెలుగు, కన్నడ, తమిళ భాషల కూడలి. 1కంటె పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను తమిళులు ‘పకా ఎణ్’ అనీ, కన్నడిగులు ‘అవిభాజ్య సంఖ్యె’ అనీ వ్యవహరిస్తారు. ఆ రెండింటిలోనూ నిర్వచనమే పేరయింది. తెలుగు ‘ప్రధాన సంఖ్య’ ఆంగ్లపదానికి ఛాయ. అది ప్రాముఖ్యాన్ని సూచిస్తుంది కాని అవిభాజ్యతను తెలుపదు.

‘డయోఫాంటైన్ అసమీకరణం’ అనే పదబంధంలో లోపం ఇంకా లోతైనది. ప్రధాన సంఖ్య 41 వర్గం 1681. మరొక ప్రధాన సంఖ్య 29 వర్గానికి రెట్టింపు 1682. భేదం 1. గుణకాలు పూర్ణాంకాలైనచోట భేదం సున్నా కాకుంటే 1కి తగ్గదు. గుణకాల నిష్పత్తి కరణీయమైతే ఆ హద్దు ఉండదు. గుణకాలన్నిటికీ ఒకే గుర్తు లేనప్పుడు, అయిదు వర్గాల విషయంలో డావెన్‌పోర్ట్, హైల్‌బ్రాన్ (1946), మూడు ప్రధాన సంఖ్యల విషయంలో బేకర్ (1967) మొత్తం సున్నాకు కోరినంత చేరువ కాగలదని నిరూపించారు. తరువాతివారు ఈ పద్ధతిని ప్రధాన సంఖ్యల ఘాతాలకు విస్తరించారు.

ప్రాచీన ‘కుట్టకం’ కోరింది కచ్చితమైన సమానత; ఇక్కడి ప్రశ్న సామీప్యం. ‘అసమీకరణం’ సమానత లేదని మాత్రమే చెబుతుంది, ఎంత చేరువో చెప్పదు.

పావులూరి మల్లన సంస్కృత గణితాన్ని పద్యంలోకి తెచ్చిన భాష ఇది. రూఢమైన పదాలను తొలగించనక్కరలేదు. ‘అవిభాజ్య’ అనే వివరణనూ, ‘సామీప్య’ అనే విశేషణాన్నీ చేర్చితే మదనపల్లె, పుంగనూరుల తెలుగు మాధ్యమ విద్యార్థికి పదమే భావానికి ద్వారమవుతుంది.