ఇల్లు చూడండి, ఇల్లాలినీ చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు తప్పవు. తెల్లారకముందే వాకిట్లో ముగ్గు వెయ్యడం ఒకటి, అటక మీంచి దుప్పట్లు దింపి ఎండలో పడెయ్యడం ఒకటి. ఈ ఏడు మూడోది కూడా తోడయింది. స్టాక్‌హోంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఓ పార్సెలు పంపింది. ఊలు స్వెట్టరేమో అనుకుంటూ ఆశగా విప్పాను. తీరా చూస్తే ఓ బొమ్మల పుస్తకం, దాంతోపాటు చలికాలపు బొమ్మల కార్డులు ఒక కట్ట! లోపల ఓ చీటీ: "అమ్మా, ఇవి చూడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మనింటిని కూడా ఇలాగే గదిగదీ బొమ్మలు వేసి పుస్తకంగా కుట్టాలనుకుంటున్నాను. ఏయే గది ఎలా వెయ్యాలో నువ్వే చెప్పాలి."

"వంటింటికి సున్నం వేయించాక వెయ్యమను" అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే.

నేను మాత్రం ఆ పుస్తకం పట్టుకుని కూచున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయని పక్కింటి పిన్నిగారు కేకేసేదాకా లేవలేదు.

ఆ బొమ్మలు వేసినాయన పేరు కార్ల్ లార్సన్. స్వీడన్ దేశస్థుడు. 1853లో పుట్టి 1919లో పోయాడు. డాలార్నా అనే ప్రాంతంలో సుండ్‌బోర్న్ అని ఓ పల్లె. అక్కడ ఏటి ఒడ్డున ఓ చిన్న చెక్క ఇల్లుంది. దాన్ని 1888లో మామగారు ఈ దంపతులకిచ్చారు. ఆ ఇంటినే గదిగదీ, మూలమూలా నీటిరంగుల్లో వేశాడాయన. వాటిలోంచి 24 బొమ్మలతో 1899లో 'ఎత్ హెమ్' అనే పుస్తకం వచ్చింది. అంటే 'ఒక ఇల్లు' అని అర్థం. రాజభవనమూ కాదు, పుణ్యక్షేత్రమూ కాదు, ఉత్త ఇల్లు! 1909లో జర్మనీలో ఈ బొమ్మలతోనే ఇంకో పుస్తకం వేస్తే మూడు నెలల్లో నలభైవేల ప్రతులు అమ్ముడుపోయాయట.

ఇంతకీ ఏముంది ఆ బొమ్మల్లో? చెబితే ఏమీ లేదనిపిస్తుంది. ఓ సోఫా, దాని ముందు నేలమీద పడుకున్న కుక్క. ఆ బొమ్మ పేరు 'సోమరి మూల'. ఇంకోదాంట్లో భోజనాల బల్ల దగ్గర అల్లరి చేసినందుకు ముందుగదిలో ఓ కుర్చీలో కూచోబెట్టిన పిల్లాడు. వాడి మొహంలో పౌరుషం చూడాలి! వేరొకదాంట్లో కిటికీలో పూలకుండీలకి నీళ్లు పోస్తున్న అమ్మాయి. అన్నీ సన్నటి నల్లగీత గీసి, లోపల పల్చగా రంగు నింపిన బొమ్మలే. మన వారపత్రికల బొమ్మలతో పెరిగిన కళ్లకి ఆ గీత కొత్తగా అనిపించదు. చెప్పవలసిందంతా గీతే చెప్పేస్తుంది. మిగతాచోట తెల్లకాగితాన్ని అలా వదిలేస్తాడు. గదిలోకి వచ్చిన వెలుతురు ఆ వదిలేసిన కాగితమే!

ఇక చలికాలం బొమ్మలు. మన చలి ఏపాటిది? సంక్రాంతికి భోగిమంట వేసుకుంటే పారిపోతుంది. వాళ్లకి డిసెంబరులో పగలు ఆరు గంటలైనా ఉండదు. మొదట ఎండాకాలం విడిదిగా ఉన్న ఆ ఇంట్లో లార్సన్ కుటుంబం 1901 నుంచి ఏడాది పొడుగునా ఉండడం మొదలుపెట్టింది. ఆ ఏడే రాత్రి పేకాటకొచ్చే అతిథుల కోసం ఇల్లాలు బల్ల సర్దుతున్న బొమ్మ వేశాడు. క్రిస్మస్‌కి 'ఈదున్' అనే ఆడవాళ్ల వారపత్రికకి, చేతినిండా ఆపిల్ పళ్లు పట్టుకున్న కూతురు బ్రిటా బొమ్మ వేసిందీ అప్పుడే. 1904లో వేసిన పండగ బొమ్మలో బల్ల నిండా వంటకాలు, చుట్టూ ఇంటిల్లిపాదీ. చూస్తూంటే చేతులు చాపి చలికాచుకోవాలనిపిస్తుంది.

మరి ఇదంతా నిజమేనా? ఈ ప్రశ్న చాలామంది అడిగారు. ఎందుకంటే ఆయన చనిపోయాక 1931లో అచ్చయిన ఆత్మకథ చదివినవాళ్లు తెల్లబోయారు. స్టాక్‌హోం పేదవాడలో చీకటి గదుల్లో, ఆకలితో, తండ్రి ఈసడింపుల మధ్య పెరిగాడాయన. పెద్దయ్యాక కూడా దిగులు జబ్బు తరచు కమ్మేసేది. ఎనిమిదిమంది పిల్లల్లో ఒకడు పసికందుగానే పోయాడు. ఆ పండగ బొమ్మ వేసిన మరుసటేడే పెద్దకొడుకు ఊల్ఫ్ పద్ధెనిమిదేళ్ల వయసులో పోయాడు. ఆ దుఃఖం ఈ పుస్తకాల్లో లేదు కదా, కాబట్టి ఇవి అబద్ధపు బొమ్మలని కొందరి వాదన.

నేనొప్పుకోను. గుమ్మానికి మామిడాకులు కట్టిన ఇంట్లో కష్టాలే లేవని ఎవరన్నారు? కష్టాలున్నాయి కనకే కడతాం. చలిలో వణికినవాడికే దుప్పటి విలువ తెలుస్తుంది. వెచ్చదనాన్ని ఆయన అంత శ్రద్ధగా వేశాడంటే చిన్నప్పుడు అది దొరక్కపోవడమే కారణమని నాకు తోస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని బొమ్మల్లో తీపి ఎక్కువయింది. పిల్లలు ఫోటోకి నిలబడ్డట్టు నిలబడతారు. బెల్లం ఎక్కువైన పరమాన్నంలాగా రెండు గరిటెలు తినేసరికి మొహం మొత్తుతుంది.

నా ఫిర్యాదు అది కాదు. మూడోసారి తిరగేస్తున్నప్పుడు నాకో సందేహం వచ్చింది. ఈ ఇంత వెచ్చదనానికి కట్టెలెవరు మోశారు? ఆ బల్లమీద గుడ్డ ఎవరు నేశారు? ఆ పిల్లల గౌన్లెవరు కుట్టారు?

కారిన్. ఆయన భార్య.

ఆవిడ ఉత్త ఇల్లాలు కాదండోయ్! స్టాక్‌హోంలో రాజాస్థాన కళాశాలలో ఐదేళ్లు చిత్రలేఖనం చదువుకున్న మనిషి. ఫ్రాన్సులో చిత్రకారులంతా చేరే ఓ పల్లెలో వాళ్లిద్దరి స్నేహం కుదిరింది. 1883లో పెళ్లయింది, మరుసటేడే మొదటి పిల్ల. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. ఆవిడ కుంచె మెల్లిగా మూలపడింది.

కుంచె మూలపడ్డా చెయ్యి ఊరుకోలేదు. మగ్గం మీద నేసింది, సూదితో కుట్టింది, కుర్చీలకి నమూనాలు గీసింది. తనకీ పిల్లలకీ ఒళ్లు పట్టెయ్యని వదులు గౌన్లు తనే కుట్టుకుంది. ఇప్పుడా బొమ్మలు మళ్లీ చూడండి. గుమ్మానికి వేలాడే తెర ఆవిడది, దిండు గలీబు మీద పువ్వు ఆవిడది. ఆయన ఇల్లు వేశాననుకున్నాడు. వేసింది మాత్రం ఆవిడ చేసిన బొమ్మకి బొమ్మ!

అసలు ఆ పుస్తకం ఆలోచన ఎవరిదనుకున్నారు? 1894 వేసవిలో ఎడతెగని వానకి బయట బొమ్మలు వేసుకునే వీల్లేక ఆయన విసిగిపోతూంటే, ఇల్లే వెయ్యరాదా అని కారినే అందట. మనం మొగుళ్లని ఊరికే తిరగనివ్వకుండా సంచీ ఇచ్చి బజారుకి పంపమూ? అలాంటిదే. కాకపోతే ఆవిడ చెప్పిన పని వందేళ్లు దాటినా నిలిచింది.

విచిత్రం వినండి. తన బొమ్మలన్నిటిలోకీ గొప్పదని ఆయన నమ్మినది ఇది కాదు. పదమూడు మీటర్ల పైచిలుకు పొడవైన గోడచిత్రం. నడిచలికాలంలో ఓ ప్రాచీన రాజు బలి కావడం అందులో కథ. స్టాక్‌హోం జాతీయ మ్యూజియం కోసం వేస్తే వాళ్లు వద్దన్నారు. ఆ దెబ్బకి ఆయన కోలుకోలేదు. జపాను దాకా వెళ్లి తిరిగొచ్చిన ఆ చిత్రాన్ని చివరికి 1997లో ఆ మ్యూజియమే కొనుక్కుంది. కాని జనం గుండెల్లో నిలిచిపోయింది రాజూ కాదు, బలీ కాదు. పూలకుండీ, కుక్క, అలిగిన పిల్లాడు. ఆ 1997లోనే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవారు భార్యాభర్తలిద్దరి పేర్లూ కలిపి ప్రదర్శన పెట్టారు. కారిన్ పోయి అప్పటికి అరవై తొమ్మిదేళ్లు.

ఇదంతా ఎందుకింత పట్టించుకుంటున్నానంటే, మా అటక మీద ఓ రేకు పెట్టె ఉంది. అందులో నా రంగులబిళ్లలు. నేనూ డ్రాయింగు హయ్యర్ పాసయినదాన్నే. డ్రాయింగు టీచరవుదామనుకుంటూండగా సంబంధం కుదిరింది. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికసలు ఎవరూ అడగలేదు, నాతో సహా. ముగ్గుల్లో, అల్లికల్లో, పిల్లల సైన్సు నోటుపుస్తకాల్లో కప్ప బొమ్మలు వెయ్యడంలో నా చదువంతా ఖర్చయింది. ఖర్చయిందనే అంటున్నాను, వృథా అయిందనడం లేదు. కారిన్‌ని చూశాక ఆ తేడా తెలిసింది. కాని కారిన్ చేసినదాన్ని చూసి బొమ్మ వేసేవాడు ఇంట్లోనే ఉన్నాడు. మనం తెల్లారకముందు వేసిన ముగ్గు పదిగంటలకి సైకిళ్ల కింద చెరిగిపోతుంది.

రాత్రి అమ్మాయి ఫోను చేసింది. "ఏ గదులు వెయ్యనమ్మా?" అంది.

"అన్నీ వెయ్యి. నడవా, పెరట్లో నూతిపళ్లెం, మీ నాన్న పడక్కుర్చీ, అన్నీనూ. వంటింట్లో నన్ను వేసేటప్పుడు పొయ్యి వైపు తిప్పకు, మొహం కనబడాలి. ఇంకోమాట. ఓ నాలుగు పేజీలు ఖాళీగా ఉంచు."

"ఎందుకూ?"

"అవి నేను వేస్తాను."

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "రంగులు తేనా?" అంది నెమ్మదిగా.

అటక మీద ఉన్నవి ఎండిపోయుంటాయని నాకూ తెలుసు. "తే" అన్నాను.