బొట్టు ఉంది, చెరువేది?
తోట వైకుంఠం బొమ్మల గురించి

తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీని చూడగానే గుర్తుపడతాం. నల్లటి ఒళ్లు, రూపాయి బిళ్లంత బొట్టు, ఎర్రచీర. సినిమాలూ సబ్బు ప్రకటనలూ తెల్లతోలే అందమని నూరిపోస్తున్న దేశంలో నల్ల ఒంటిని ఇంత ఠీవిగా నిలబెట్టడం చిన్న సంగతి కాదు. దాన్ని మేం కాదనం. అయితే నలుపుకి అందం ఒప్పుకున్నంత మాత్రాన, ఆ ఒళ్లు ఎవరి పొలంలో వంగిందో చెప్పినట్టవుతుందా?

1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదువుకున్న వైకుంఠం ఊరు తెలియని మనిషి కాదు. బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988)కి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు పొందింది ఈయనే. దొర గడిలో ఆడమనిషి బతుకు ఏ గోడల మధ్య నలిగిందో ఆ సినిమాలో కళ్లకు కడుతుంది. కాన్వాసు మీదికొచ్చేసరికి ఆ గోడలు మాయం. ఎక్కువ బొమ్మల్లో వెనక ఒకటే రంగు పరుచుకుని ఉంటుంది. పొలం లేదు, చెరువు లేదు, వాడ లేదు.

ఇంకో సంగతి. ఆయన గీసిన మగవాళ్లలో పంతులెవరో నామాన్ని బట్టి ఇట్టే తెలుస్తుంది. ఆడమనిషికి మాత్రం 'తెలంగాణ స్త్రీ' అన్న పేరొక్కటే మిగులుతుంది. పైకులం గుర్తు నిలబడుతుంది, శ్రమకులాల గుర్తు ప్రాంతం పేరులో కలిసిపోతుంది.

ఇది రంగుల తగువు కాదు. 1985లో కారంచేడులో తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నందుకు మాదిగపల్లె మీద దాడి జరిగింది, మనుషుల్ని చంపారు. అక్కడ బిందె పట్టుకున్న ఆడమనిషి ఎవరో తేల్చింది ఆమె కట్టూబొట్టూ కాదు, ఆ చెరువే. మనకి అస్తిత్వం, పర్యావరణం రెండు వేర్వేరు పాఠాలు కావు. నీళ్లు ఎవరివి, నేల ఎవరిది అన్నదే మన కులం కథ.

మా మైలవరం పక్కనే కొండపల్లి ఉంది. అక్కడ తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మల్లో తాడిచెట్టూ, దానిమీద గీతగాడూ కలిసే ఉంటారు. చెట్టు తీసేస్తే ఆ మనిషి ఎవరో చెప్పలేం. ఆ బొమ్మల ఊళ్లో మాలమాదిగ వాడ ఏదని కూడా అడగాల్సిందే. అయినా పనినీ మనిషినీ విడదీయకూడదన్న పాఠం అందులో ఉంది.

వైకుంఠం రేఖని నేర్చుకుందాం. మన పిల్లలు బొమ్మ గీసేటప్పుడు మాత్రం వెనకున్న జాగాని ఖాళీగా వదలొద్దు. ఆమె నిలబడ్డ నేల ఎవరిదో కూడా గీయాలి.