వారానికో మడి

ఆకుకూరలు పెంచాలనుకునేవాళ్లు మొదట అడిగేది స్థలం ఎంత కావాలని. స్థలం కన్నా ముందు వరుస కావాలంటాను నేను. దొడ్డంతా ఒకేసారి విత్తితే తినలేనంత ఆకు ఒక్కసారే వచ్చి పడుతుంది, ఆ తర్వాత చాలా రోజులు మడి ఖాళీ. వారానికొకటి చొప్పున నాలుగు చిన్న మడులు వేయండి. చిర్రాకు 25 నుంచి 30 రోజుల్లో కూరకొస్తుంది. నాలుగో మడి విత్తిన వారానికల్లా మొదటి మడి పెరుక్కోవచ్చు, ఆ ఖాళీలో మళ్లీ విత్తుకోవచ్చు.

మా మైలవరం, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలలు ఎక్కువ. తడిస్తే కాలికి అంటుకుంటాయి, ఎండితే బీటలు వారతాయి. చిర్రాకు విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. పైన మట్టి పెచ్చు కడితే మొలక చీల్చుకుని రాలేదు. అందుకే మడిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. విత్తనాన్ని కూడా పిడికెడు ఇసుకతో కలిపి చల్లితే ఒకేచోట గుత్తులుగా పడదు. చెంబుతో నీళ్లు కుమ్మరిస్తే విత్తనం మూలకు కొట్టుకుపోతుంది. మొలిచేదాకా చేత్తో చిలకరించడమే మేలు.

పెన్నా మీద జలాశయం మా ఊరి దగ్గరే ఉన్నా, ఎండాకాలంలో నీటి విలువ మాకు తెలుసు. బియ్యం కడిగిన నీళ్లు, కాయగూరలు కడిగిన నీళ్లు మడికే పోస్తాం. సబ్బునీళ్లు మాత్రం ఆకుకూరకు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి పక్కన పాత చీర కడితే మధ్యాహ్నపు ఎండకు ఆకు వాడిపోదు. కొత్తిమీర, మెంతాకు చలికాలానికి ఉంచుకుని, ఎండల్లో తీగబచ్చలిని నమ్ముకోవచ్చు. పాలకూరను పెరక్కుండా నేలకు రెండు వేళ్ల ఎత్తున కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

కలుపు తీసేటప్పుడు కూడా చూసి తీయాలి. గంగవాయిలాకు విత్తకుండానే మొలుస్తుంది, పప్పులోకి పుల్లగా బాగుంటుంది. చేలల్లో మొలిచే గురుగాకును మా పెద్దలు కలుపని పారేయలేదు, కూర వండుకున్నారు. ఇప్పుడు మందులు కొట్టిన చేలో ఆకు కోయాలంటే భయం. ఇంటి మడిలో ఆ భయం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21)లో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆకుకూర ఒక్కటే దానికి మందు కాదు. కానీ ఇనుము, ఫోలేట్ రోజూ కంచంలోకి వచ్చే సులువైన దారి అది. నిమ్మరసం తోడైతే ఆ ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మడికి నీళ్లు పోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే, వండేదీ వాళ్లే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది వాళ్ల వంతు కాకూడదు.