నలుపు ఇంజనుదా, ఫోటోదా?

ఆ మధ్య ఫిల్మ్‌నగర్‌లో ఒక సెట్ పని చూశాను. ప్లైవుడ్ ఆవిరి ఇంజను, పైనుంచి కిందదాకా నలుపే. 'పీరియడ్ సినిమా కదరా, పాత ఇంజనంటే అంతే' అన్నాడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న నా ఫ్రెండు. వాడి రిఫరెన్సులన్నీ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు.

చిక్కంతా అక్కడే ఉంది. 1870ల నాటి అమెరికన్ ఇంజన్లకి ఎర్ర చక్రాలు, ఇత్తడి పట్టీలు, బంగారు రేకుతో అక్షరాలు ఉండేవి. బాయిలర్ మీద నిగనిగలాడే ఇనుపరేకు తొడిగేవాళ్లు. శతాబ్దం చివరికొచ్చేసరికి నలుపు గెలిచింది, నిజమే. కానీ ఫోటో మాత్రం మొదటినుంచీ అన్నిటినీ నల్లగానే చూపించింది.

మన దగ్గరా సోకుకి తక్కువేం లేదు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ మనకి 16 డబ్ల్యూపీ ఇంజన్లు కట్టిచ్చింది. బుల్లెట్‌లాంటి ముక్కు, దాని మీద నక్షత్రంతో ఆ తరగతి ఇంజన్లు దశాబ్దాలపాటు మన ఎక్స్‌ప్రెస్ రైళ్లని లాగాయి.

మన పీరియడ్ సినిమాలు గతాన్ని మసిలో ముంచేసి అదే వాస్తవికత అనుకుంటున్నాయి. దాంతో ఇంజనుకి రంగులద్దినవాళ్ల పనితనం చరిత్రలోంచే చెరిగిపోతోంది. ఆ రోజు సెట్లో నలుపు పూస్తున్న పెయింటర్ ఒకప్పుడు సినిమా హోర్డింగులు గీసినవాడట. ఇంజను మీద ఏం వేయగలవని అతన్నెవరూ అడగలేదు.